అప్పలస్వామి ఏరిపెట్టిన బొరిగె

పెరట్లో వంగమొక్కల చుట్టూ తుంగ పెరిగిపోయిందని, కలుపు తీసే బొరిగె కొనడానికి ఈ రోజు నర్సీపట్నం సంతకు వెళ్లాను. కమ్మరి గోనె మీద పరిచినవాటిని ఒక్కొక్కటే తీసి రాతి మీద కొట్టి చూస్తున్నాను. ఖంగుమంటే ఇనుము మంచిదని లెక్క. ఇంతలో పొరుగింటి అప్పలస్వామి వచ్చాడు. కంచె జరిపి నా స్థలం మూరెడు కలుపుకున్నప్పటి నుంచి అతనితో నాకు మాటల్లేవు. ఒకటి ఏరి, కొట్టి చూసి, నా ముందు నేల మీద పెట్టాడు.

“మాస్టారూ, ఇది బాగున్నాదండి. మీరట్టుకెళ్లండి.”

ఇనుప వస్తువు చేతి నుంచి చేతికి అందిస్తే తగవులొస్తాయని మా వైపు ఇలా నేల మీద పెడతారు.

“మనకి కొత్తగా తగవేం వస్తుందయ్యా?” అన్నాను.

“ఉన్నది సాలదేటండి? ఇంకోటెందుకు?” అన్నాడు. కమ్మరి పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

కంచె జరిపినవాడికి నా పెరటి మీద ఇంత ప్రేమేమిటి? ఆ బొరిగెలో ఏదో లోపం ఉండే ఉంటుందని, దాన్ని ముట్టుకోకుండా వేరేది కొనుక్కొచ్చాను. రేడియోలో సాయంత్రం వార్తలు వచ్చే వేళకు దాని పిడి ఊడింది, నా అరచేయి బొబ్బలెక్కింది, తుంగ అలాగే ఉంది. కంచె అవతల అప్పలస్వామి, నేను వదిలేసిన బొరిగెతోనే చకచకా కలుపు తీస్తున్నాడు.

నేను వద్దంటానని తెలిసే దాన్ని నాకు చూపించాడని నా అనుమానం. అతను మంచివాడని నమ్మడం కంటే, అంత తెలివైనవాడని నమ్మడమే నాకు హాయి. మీకు వేరేగా తోస్తే చెప్పండి, వింటాను. నమ్ముతానని మాత్రం అనను.