కిటికీ పక్కన నా ఆఫీసు

నలభై దాటాక నాకు ఉద్యోగం వచ్చింది. ఒక కంటి ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్లతో మాట్లాడి, వాళ్లు ఏ రోజు ఏ డాక్టరు దగ్గరికి రావాలో చెప్పే పని. ఇంట్లో కూర్చునే చేయవచ్చు. నేను పుట్టింది చిత్తూరుకు దక్షిణాన, తమిళనాడును ఆనుకుని ఉన్న పల్లెలో. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడుతూ పెరిగాను. డిగ్రీ పట్టా పెళ్లయినప్పటి నుంచీ బీరువా అడుగునే ఉంది గానీ, ఇంటర్వ్యూలో నన్ను గట్టెక్కించింది ఆ రెండు భాషలే.

వాళ్లు ఒక షరతు పెట్టారు. సెల్‌ఫోన్‌లో వచ్చే నెట్ పనికిరాదు, ఇంటికి కేబుల్ కనెక్షన్ ఉండాలి. సోమవారం పొద్దున ఆఫీసు నుంచి ఒకామె ఫోన్ చేసి కనెక్షన్‌ను పరీక్షిస్తుంది. నిలకడగా ఉంటే ఆ రోజే పనిలో చేరొచ్చు. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో నా వెనక ఉన్నవాళ్లకు పోతుంది.

ఐరాల దగ్గర మా అత్తగారి ఊరికి కొత్త కేబుల్ అప్పుడప్పుడే వచ్చింది. కనెక్షన్ ఇచ్చే ఆయన రాగానే డ్రిల్లింగ్ మిషన్ బయటికి తీశాడు. మా అత్త అడ్డం వచ్చింది. ఆ ఇల్లు మా మామ కట్టించింది. సొంత పొలంలోని వేపచెట్టు కొట్టించి తలుపులూ కిటికీలూ చేయించాడు. ఆయన పోయాక కూడా అత్త ప్రతి ఏడాదీ వాటికి నూనె రాస్తుంది. క్యాలెండరుకు మేకు కొట్టాలన్నా ఆమెను అడగాల్సిందే.

"గోడకు గానీ కిటికీకి గానీ తూటు పెట్టద్దు నాయనా. కిటికీ కమ్మీల్లోంచి తీసుకో, సాలు" అంది.

ఆయన సరేనని వైరును హాలు కిటికీ మూలలోంచి లోపలికి లాగాడు. మిగిలిన వైరును బయట చుట్ట చుట్టి కట్టాడు. రౌటర్‌ను కిటికీ పక్క అరలో పెట్టి, నా ఫోన్‌కు కలిపి చూపించాడు. లైట్లన్నీ పచ్చగా వెలిగాయి.

"వైరును మడవద్దమ్మా. లోపల గాజు పోగు ఉంటాది" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఒక లైటు ఎర్రగా మారి కొట్టుకోవడం మొదలుపెట్టింది. నెట్ పోయింది. కేబుల్ కంపెనీకి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ వేయమన్నారు. వేశాను, రాలేదు. మర్నాడు పొద్దున లేచి చూసేసరికి ఎర్రగానే ఉంది. ఇల్లు ఊడ్చి, కాఫీలయ్యాక వచ్చి చూస్తే పచ్చగా ఉంది. పగలంతా బ్రహ్మాండంగా నడిచింది. చీకటి పడే వేళకు మళ్లీ ఎరుపు. రోజూ ఇదే వరస. కంపెనీ వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా మనిషిని పంపుతామన్నారు గానీ, ఎవరూ రాలేదు. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తే సోమవారం మధ్యాహ్నానికి వస్తాడన్నారు. నా పరీక్షేమో సోమవారం పొద్దున.

మా ఆయన చిత్తూరులో బెల్లం మండీలో పనిచేస్తాడు. ఆ రాత్రి అన్నం తింటూ ఆయనే ఒక దారి చెప్పాడు.

"తిరుపతిలో మా అక్కోళ్లింట్లో మంచి కనెక్షన్ ఉండాది గదా. రేపు పోయి, సోమవారం ఆడ పరీక్ష ఇచ్చేసి రా."

"ఆడ పాసయి, మళ్లా ఈడ ఎట్ల పని చేసేది? కాల్ మాట్లాడతా మాట్లాడతా తెగిపోతే ఏం చెప్పేది?" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. నాకు మాత్రం పట్టుదల వచ్చింది. పొద్దున వచ్చి సాయంత్రం పోతుందంటే దానికి ఏదో ఒక కారణం ఉండే తీరాలి. చెరకు తోటలకు మోటార్లు వేసినప్పుడు కరెంటు తగ్గి నెట్ పోతోందేమో అనుకున్నాను. అదీ కాదు, కరెంటు బాగా ఉన్నప్పుడు కూడా ఎర్ర లైటే. పక్కన టీవీ వల్లేమో అని దాని ప్లగ్గు పీకేశాను. అత్తకు ఇష్టమైన సీరియల్ వేళ అది. ఆమె జపమాల తీసుకుని అరుగు మీదికి పోయింది. టీవీ లేకపోయినా లైటు మారలేదు.

ఆదివారం పొద్దెక్కాక గాలి లేచింది. మామిడి తోపు వైపు నుంచి దుమ్ము కొట్టుకొస్తోంది. నేను హాల్లో కూర్చుని పని కోసం కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో తమిళ వార్తలు వింటున్నాను. కిటికీ రెక్క గాలికి దబ్బుమని మూసుకుంది. వార్తలు చదివే ఆమె నోరు తెరిచినట్టే ఆగిపోయింది. అర వైపు చూశాను. ఎర్ర లైటు.

రెక్క తెరిచాను. కాసేపు ఆ లైట్లు తడబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి. వార్తలామె మాట్లాడటం మొదలుపెట్టింది.

అత్తను పిలిచాను. ఆమె చేతికి అంటిన పిండిని కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

"అత్తా, ఆ కిటికీ ఒకసారి మూయండి."

"మంచి ఎండలో ఎందుకుమే?"

"మూయండి, చెప్తాను."

మూసింది. లైటు ఎరుపు. తెరవమన్నాను. పచ్చబడింది. మళ్లీ మూయమన్నాను. ఈసారి ఆమె కూడా అర వైపే చూస్తూ మూసింది.

"దోమలొస్తాయని సందేళకు మూసేది నేనే. పొద్దన్నే కాఫీ తాగినాక తెరిసేది నేనే" అంది మెల్లగా.

"వైరు రెక్క కింద పడి నలిగిపోతా ఉండాది అత్తా. లోపల గాజు పోగు, మడిస్తే దాంట్లో వెలుగు పారదు. తెగి మాత్రం పోలా. తెరిస్తే మళ్లీ వస్తా ఉండాది కదా."

ఆమె వంగి కిటికీ మూల చూసింది. వైరు మీద రెక్క అంచు ఒత్తిన గుర్తు పడి ఉంది. దాన్ని వేలితో తడిమింది.

కిటికీ తెరిచే ఉంచుదామంటే దోమలు, పైగా కోతులు. పక్కకు జరుపుదామంటే మూలలో తప్ప వేరే చోటు లేదు. ఆమె లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి చేతిలో మామ వాడిన చిన్న రంపం ఉంది.

"రెక్క మూలలో వైరు పట్టేంత గాటు పెట్టు" అంది.

"ఆయన వచ్చినాక పెట్టిస్తాంలే అత్తా."

"వాడెందుకు? కనుక్కున్నది నువ్వు, ఉద్యోగం నీది. కొయ్యి. నేను రెక్క పట్టుకుంటా."

రెండు చేతులతో రెక్కను కదలకుండా పట్టుకుంది. నేను వైరును పక్కకు తప్పించి, కోయవలసిన చోట బొగ్గుతో గీత గీసి, రంపం ఆడించాను. పాత వేప మాను, తొందరగా తెగలేదు. పొట్టు రాలుతుంటే అత్త ఊదుతూ, "ఇంగొంచెం లోపలికి. వైరు నలగకూడదు" అని చెబుతోంది. కోయడమయ్యాక గరుకు కాగితంతో రుద్దాను. బయటి చుట్ట నుంచి కొంచెం వైరు వదిలి, మునుపు నలిగిన చోటును ఆ గాటులో పడనీయకుండా ముందుకు జరిపాను. వైరు ఎక్కడా మడత పడకుండా వంపుగా తెచ్చి అరకు చేర్చాను. అత్త కిటికీ మూసింది, గడియ పెట్టింది. ఇద్దరం నిలబడి చూశాం. పచ్చ లైటు మారలేదు.

సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చేసరికి కిటికీ మూసి ఉంది, టీవీలో సీరియల్ వస్తోంది, నా ల్యాప్‌టాప్‌లో తమిళ వార్తలు వస్తున్నాయి. ఆయన అటూ ఇటూ చూసి, "మనిషి వచ్చి పోయినాడా?" అని అడిగాడు.

"ఎవురూ రాలా. నీ పెళ్లామే చేసింది" అంది అత్త. కిటికీ దగ్గరికి తీసుకుపోయి గాటు చూపించింది. ఆమె ఆ రెక్కను ఎంత అపురూపంగా చూసుకుంటుందో ఆయనకు తెలుసు. గాటు వైపు, వాళ్లమ్మ వైపు, నా వైపు చూసి నవ్వాడు.

సోమవారం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు పెట్టమన్నారు. ఆ వైరు పొట్టిది కావడంతో హాల్లో కిటికీ పక్కనే బల్ల వేసుకున్నాను. అవతలి ఆమె చాలాసేపు పరీక్షించింది. ముందు తెలుగులో, తర్వాత తమిళంలో నాతో మాట్లాడించింది. ఒక్క మాటా తెగలేదు.

"లైన్ బాగుందండీ. పల్లెల్లో ఇంత నిలకడగా ఉండటం తక్కువ. ఎవరు సెట్ చేశారు?" అని అడిగింది.

"కనెక్షన్ ఇచ్చింది కేబుల్ వాళ్లే. లోపం కనుక్కుని సరిచేసింది నేను" అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చదువయ్యాక అంత నిండుగా "నేను" అన్న సందర్భం నాకు గుర్తు లేదు.

ఆ పూటే కాల్స్ ఇచ్చారు. మొదటగా మాట్లాడింది వేలూరు వైపు నుంచి ఒక ముసలాయన. కంటికి శుక్లం ముదిరిందట. తమిళంలో మొదలుపెట్టి, నా యాస పట్టుకుని తెలుగులోకి మారాడు. ఎప్పుడు రావాలో, ఏమేం తెచ్చుకోవాలో నిదానంగా చెప్పాను. "బాగా చెప్పినావు తల్లీ" అని పెట్టేశాడు.

మధ్యాహ్నం బంధువులు ఇద్దరు కాణిపాకం పోతూ దారిలో మమ్మల్ని చూడటానికి దిగారు. మామూలుగా అయితే నేను లేచి మంచినీళ్లు ఇచ్చి, పొయ్యి మీద గిన్నె పెట్టాలి. అప్పుడు నేను కాల్‌లో ఉన్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నా వాకిట్లో అత్త మాట స్పష్టంగా వినిపించింది.

"ఈడ అరుగు మీద కూర్సోండి, నీళ్లు నేను తెస్తా. మా కోడలు ఆఫీసులో ఉండాది."

వాళ్లలో ఒకామె తొంగిచూసి, "హాల్లోనే ఉండాది గదా" అంది.

"అదే ఆఫీసు. మెల్లిగా మాట్లాడండి" అని చెప్పి, అత్త వంటింట్లోకి వెళ్లింది.