వెంపలి అనుకున్న మొక్క

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. ఈ పరదేశపు ద్వీపనగరంలో నాకు వన్-నార్త్‌లో ఆఫీసు, యీషున్‌లో అద్దె ఫ్లాట్, ఆదివారాలు తెలుగు క్రైస్తవ సహవాసం. అక్కడ దేవుడు మనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం వంతులవారీగా వస్తుంది. ఆ వారం నా వంతు.

ముందురోజు మా అమ్మాయితో తూర్పు తీరానికి వెళ్లినప్పుడు ఇసుకలో ఊదారంగు చిన్న పూలమొక్క కనిపించింది. వెంపలి! చీరాల దగ్గర మా సముద్రపుటొడ్డున ఉండేది ఇదే అనుకున్నాను. "మనం రాకముందే దేవుడు మన మొక్కను ఇక్కడ నాటి ఉంచాడమ్మా" అన్నాను. సాక్ష్యం దొరికేసింది. ఒక కొమ్మ తుంచి తడిగుడ్డలో చుట్టాను.

ఆదివారం ఉదయం సహవాసం గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న పెద్దావిడ కొమ్మను చూసింది.

"ఇది వెంపలా? ఎవరు చెప్పారు బాబూ నీకు?"

"మా ఊళ్లో చూశానాంటీ. ఇది తూర్పు తీరంలో దొరికింది."

"చూసుంటావులే, స్కూలు బస్సు కిటికీలోంచి. ఆకు తుంచి చూశావా?"

వెంపలాకును రెండు కొసలా పట్టి లాగితే బాణం మొనలా తెగుతుందట. నాకు తెలియదు. ఆవిడ లాగింది. అడ్డంగా, తిన్నగా తెగింది.

"చూశావా?"

మా అమ్మాయి ఇంకో ఆకు లాగింది. అచ్చం బాణం మొన. "డాడీ కరెక్ట్ లా!" అంది ఇక్కడి పిల్లల యాసలో.

మూడోది నేను లాగాను. అది ఎటూ కాకుండా చిరిగింది.

ఆంటీ కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. "అయినా ఆ ఒడ్డే సముద్రం పూడ్చి చేసింది కదా. ఇసుకతో పాటు ఎక్కడి విత్తనం వచ్చిందో!"

ఇక్కడిదా, మనదా, ఇసుకతో కొట్టుకొచ్చిందా? లోపల పాట చివరి చరణానికి వచ్చేసింది. ఎరగనిదాన్ని ఎరిగినట్టు సాక్ష్యం చెప్పడం పాపమని సండే స్కూల్లో పిల్లలకు నేర్పేది నేనే. మా అమ్మాయి కూడా ఆ క్లాసులోనే కూర్చుంటుంది. నన్ను పిలిచారు. తను కొమ్మను నా చేతిలో పెట్టింది.

"ఈ మొక్క పేరు నాకు తెలియదు" అన్నాను. సిద్ధం చేసుకున్నదంతా ఆ మాటతోనే పోయింది. ఇసుకలో దొరికిందని, మూడు ఆకులు మూడు రకాలుగా తెగాయని, దీన్ని చేసినవాడికి దీని పేరు తెలుసని చెప్పి, స్తోత్రం అని కూర్చున్నాను.

వెనకనుంచి ఆంటీ ఒక్కతే "ఆమెన్" అంది.

"అంతేనా డాడీ?" అని మా అమ్మాయి గుసగుసలాడింది.

"అంతే" అన్నాను. అంతేనా అని నాకూ అనిపిస్తూనే ఉంది.