పండుకున్న నెమళ్ళు

ఎదురింటి మగ్గం టకటకలు తెల్లవారకముందే మొదలవుతాయి. ఇవాళ వాటి మధ్యలో నా కంప్యూటర్ ‘టింగ్’మంది. బొమ్మలు గీసే ఏఐకి కొత్త వెర్షన్ వచ్చిందట. పాతదే ఇంకా చేతికి అలవాటు కాలేదు, మహానుభావులు అప్పుడే మార్చేశారు! ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది, వెంటనే నారాయణప్ప సార్ గుర్తొస్తారు.

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే చిన్న గది ఆయనది. తనకల్లు నుంచి పనికి చేరిన నాకు కంప్యూటర్ వచ్చు, చీర సంగతి తెలియదు. మొదటి కొంగులో నెమళ్ళను గీశాను. తెరమీద ఠీవిగా నిలబడ్డాయి. సార్ వాటిని ప్రింటు తీసి, కాగితాలు అతికించి, తన భుజానికి పిన్నుతో గుచ్చుకొని, వీపు నావైపు తిప్పారు.

“ఏమమ్మా, నీ నెమళ్ళకు జరమొచ్చిండాదా? అన్నీ పండుకున్నాయి!”

తెరమీద చీరను అడ్డంగా పరిచి గీస్తాం. కట్టుకున్నాక కొంగు వీపు మీద నిలువుగా వేలాడుతుంది. ఆ ముక్క నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

“కొంగు కట్టుకున్నామెకు కనపడదమ్మా, ఎనక నిలబడినోళ్ళకు కనపడతాది. ఎనకనించి సూసి చెప్పే మనిషిని ఒకరిని ఎప్పుడూ పెట్టుకో,” అన్నారు. ఆయనకు ఆ మనిషి ఎదురింట్లో మగ్గం నేసే రమణక్క. ఏ కొంగు పూర్తయినా కాగితం భుజాన వేసుకొని వీధిలోకి నడిచేవారు. అంతటి మీసాల మనిషి వీపున పూలకొంగు! వీధంతా నవ్వేది, ఆయనకేమీ పట్టేది కాదు.

గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో బతికిన మనిషి ఆయన. కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటివాళ్ళు “మాకొద్దప్పా” అని తప్పుకున్నారు. ఈయన మాత్రం నా పక్కన కుర్చీ వేసుకొని నేర్చుకున్నారు. “దీని దుంప తెగ” అని మౌస్‌ను తిట్టని పూట లేదు. ఒకసారి పొద్దుటినుంచి చేసిన పని సేవ్ చేసుకోకుండా మూసేసి, చెప్పులేసుకొని వెళ్ళిపోయారు. ఇక రారనుకున్నాను. కాసేపటికి టీ గ్లాసులతో వచ్చారు.

“మీకు భయం కాదా సార్?” అన్నాను.

“ఎందుక్కాదు? దినామూ అయితాది. అది పోయినాక నేర్సుకుందామంటే యాడ కుదురుతాదమ్మా? దాన్ని పక్కన కూసోబెట్టుకొనే నేర్సుకోవల్ల.”

సార్ పోయాక ఆ గది నేనే నడుపుతున్నాను. నిరుడు ఒక చీరల వ్యాపారి ఫోన్లోని ఏఐకి నాలుగు మాటలు చెప్పి, దానితోనే కొంగు గీయించుకొచ్చాడు. భుజాన వేసి చూస్తే నెమళ్ళన్నీ పండుకునే ఉన్నాయి! పడిపడి నవ్వాను. దానికి ఈ తెలివి రానంతకాలం నా కూటికి ఢోకా లేదనుకున్నాను.

ఇవాళ కొత్త వెర్షన్ తెరిచి అదే కొంగు అడిగాను. టీ చల్లారకముందే ఇచ్చింది. ఈసారి నెమళ్ళను సరిగ్గా తిప్పే గీసింది. ఇక నాతో ఎవరికి పని? ఏం చేయాలో తోచక, ప్రింటు తీసి భుజానికి గుచ్చుకొని వీధిలోకి వెళ్ళాను.

“అక్కా, రోంత ఎనకనించి సూడు.”

రమణక్క మగ్గం ఆపి వచ్చింది. “నెమళ్ళు బాగానే నిలబడుకోని ఉండాయి. నువ్వే నిలబడకుండా వణకతాండావు. కుదురుగా ఉంటే కదమ్మే సూసి చెప్పేది!”

నిలబడ్డాను. వణుకు మాత్రం తగ్గలేదు. దాన్ని వెంటబెట్టుకొనే లోపలికొచ్చి, పక్కన సార్ కుర్చీ లాగి వేసి, కొత్త వెర్షన్‌లో రెండో కొంగు మొదలుపెట్టాను.