మర్యాద నీళ్ళు

ఆ రోజుల్లో ఇరవై ఏళ్ళవాడికి సర్కారు ఉద్యోగం దొరికితే, లోకంలో తనకు తెలియనిది ఏదైనా ఉందంటే ఒప్పుకునేవాడు కాడు. నేనూ ఒప్పుకోలేదు. (యుద్ధకాలం, గుమాస్తాలకు కరువు, లేకపోతే నాకెవరిస్తారు?) శానిటరీ ఇన్‌స్పెక్టరు వెంట పల్నాడు పల్లెలు తిరిగి, జనం ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు, కులాసాగా ఉన్నారా లేదా అని కాగితాల మీద రాసుకు రావడం నా పని. మనిషి కులాసా కూడా కాగితానికెక్కితే తప్ప సర్కారు నమ్మేది కాదు.

గురజాల దగ్గర ఒక ఊరివాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. బావి నీళ్ళకు పిల్లల పళ్ళు గారపడుతున్నాయి, నలభై నిండకుండానే నడుములు వంగుతున్నాయి, కొత్త బావి తవ్వించండి అని. నీళ్ళు చెడ్డవని తేలితేనే బావి వస్తుంది. మా బస మునసబు గారింట్లో. వంట ఆయన చెల్లెలిది. నేను పిన్నీ అని పిలిచేవాణ్ణి. కూర్చుంటే ఒక పట్టాన లేవలేకపోయేది. "నా మోకాళ్ళు ఎటూ పోయినయ్. నా కూతురివన్నా నిలిస్తే చాలు నాయనా, నీకు చానా పుణ్యం" అంది. నేనే పలుగు పట్టి తవ్వబోతున్నట్టు గంభీరంగా తలాడించి, కాగితం తీశాను.

"రోజూ వ్యాయామం చేస్తారా?"

"అంటే ఏంది?"

"కసరత్తు పిన్నీ. ఒంటికి శ్రమ."

"తెల్లారకుండా లేచి గేదెల కింద ఊడ్చి, జొన్నలు దంచి, చేలో కలుపుకు పోతా. ఇంక కసరత్తు కూడా చెయ్యాలా?"

బాగా ఆలోచించి, 'చేయరు' అని రాసుకున్నాను.

వెన్నలా ఉడికిన పప్పుతో భోజనం ముగించి ఇన్‌స్పెక్టరు గారు మంచమెక్కారు. "ఊళ్ళో తాగే నీళ్ళు ఈ సీసాలో పట్టి సీలు వెయ్యి" అని నా మీద పారేశారు. ఆ ఎండలో బావి దాకా ఎవడు పోతాడు? సీసా పిన్ని చేతికిచ్చి, ఇది పట్నంలో పెద్ద దొరల దగ్గరికి పోతుందని కూడా గొప్పగా చెప్పాను. ఆమె మూడుసార్లు కడిగి, మూలనున్న కుండలోంచి నింపింది. నేనూ ఒక చెంబెడు తాగాను. కొబ్బరి నీళ్ళే! 'రుచి: మధురం' అని రాసి, లక్క కరిగించి ముద్ర వేశాను. ఇంత మంచి నీళ్ళ మీద అర్జీ ఏమిటి, ఈ జనానికి ఏడవడం అలవాటైపోయింది అనుకున్నాను కూడా.

సాయంత్రం బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నోరు పుక్కిలించాను. ఆ నీళ్ళు నోట్లో నిలిస్తే ఒట్టు. పరుగెత్తుకొచ్చి పిన్నిని అడిగాను.

"అయ్యి వాగు చెలమలో నీళ్ళు. చుట్టాలొస్తే మైలున్నర పోయి తెస్తాం. దొరలకు ఆ బావి నీళ్ళు పంపిస్తే ఊరి మర్యాదేం గాను?" అంది.

ఇన్‌స్పెక్టరు గారికి చెప్పాను. "ఊరికి ఒకటే సీసా. సీలు విప్పావంటే నీ ఉద్యోగం ఊడుద్ది" అన్నారు. ఎవరి ఉద్యోగం వాళ్ళకు ముద్దు. నోరు మూసుకున్నాను. పిరికితనానికి మరో పేరు వెతకను.

రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. నీళ్ళు శ్రేష్ఠం. నడుములు వంగడానికి కారణం వ్యాయామం లేకపోవడం. గ్రామస్థులు ప్రతి ఉదయం నడవవలెను. ఊరందరి ముందూ చదివే భాగ్యం నాకే దక్కింది. "బావి అడిగితే నడక ఇచ్చారయ్యా, ధర్మప్రభువులు!" అన్నారు మునసబు గారు. పిన్ని తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "మర్యాదకు పోయి నేనే చెడగొట్టా. ఇంకో సీసా తెస్తావా నాయనా? ఈసారి బావి నీళ్ళే పోస్తా" అంది.

"తప్పకుండా తెస్తాను పిన్నీ" అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆ నెలలోనే చిలకలూరిపేటకు బదిలీ అయింది. కాఫీ హోటళ్ళున్న ఊరని సంబరపడ్డాను కూడా. మాట ఇవ్వడంలో అంతటి శూరుణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకే సిగ్గూ వేస్తుంది. పిన్ని కూతురికి ఈపాటికి మనవలు పుట్టి ఉంటారు. ఆమె ఎలా నడుస్తున్నదో చూసే ధైర్యం చాలక, నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు.