నా పాటకు నేను లేను

నేను రాసిన పాట వీడియో కింద 'జానపదం, రచయిత తెలియదు' అని వేశారు. వేసినవాడు సైదాబాద్‌లో మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, నా చేతిరాత కాగితం పట్టుకుపోయినవాడే. పాటల పోటీలు పెట్టి, గెలిచినవాళ్లతో పాడించే కంపెనీ దిల్‌సుఖ్‌నగర్‌లో నడిపేవాడు. నా పాటతోనే దానికి పేరొచ్చింది. నేను దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. తెర మీద నా పేరు చదువుకోవాలని ఆశపడ్డాను. ఎన్నిసార్లు అడిగినా "వచ్చే వారం మారుస్త తాతా" అనేవాడు. తర్వాతి పాటలు ఆడక కంపెనీ మూతపడింది. మొన్న ఎల్బీనగర్‌లో అతని సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్లాను.

"ఇప్పుడన్న నా పేరు పెట్టు బిడ్డా. నేను పోయినంక ఎవరు నమ్ముతరు?" అన్నాను.

ఎవరిదో ఫోనుకు గ్లాసు అతికిస్తూనే చెప్పాడు: "జానపదమనే జనం ఎగబడి విన్నరు తాతా. రాసినోడు పక్క గల్లీల ఉన్నడంటే ఎవరు వింటుండె?"