కోరసక్క ఫోటో

మహబూబాబాద్‌లో నాది ఫ్లెక్సీల దుకాణం. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, నాయకుల శుభాకాంక్షలు అన్నీ వేస్తాను కానీ, ఉన్నమాట చెప్పాలంటే దుకాణం నడిచేది చావుల మీద. మనిషి పోయిన రెండో రోజో మూడో రోజో ఇంటివాళ్లు ఫోటో పట్టుకొని వస్తారు. దినాల నాటికి ఊరి మొదట్లో ఒకటి, ఇంటి ముందు ఒకటి ఫ్లెక్సీ నిలబడాలి. వాళ్లు తెచ్చేది చాలాసార్లు ఆధార్ కార్డు మీది ఫోటో. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

"గిన్నేండ్లు బతికిన మనిషికి ఒక్క మంచి ఫోటో లేదా? ఇంట్ల నాలుగు ఫోన్లున్నయి గదా, ఏం జేస్తరు వాటితోని?" అని మొహం మీదే అనేవాణ్ణి. చావింటి వాళ్లు ఏమంటారు, తల దించుకునేవారు. ఇప్పుడు తలచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

పోయిన వానాకాలం ఒక పొద్దున ఫోన్ మోగింది. నేనూ నా దోస్తులూ ప్రాణం పెట్టే జానపద బృందంలో డప్పు కొట్టే అన్న.

"తమ్మీ, కోరసక్క లేదిగ" అన్నాడు. "మూడొద్దుల జ్వరం. దవాఖానకు తీస్కపోయినం గని ఆగలే. దినాలకు ఫ్లెక్సీ ఎయ్యాలె. ఇంట్ల ఫోటో ఒక్కటి సక్కగ లేదు. ఆమె బిడ్డ ఒకటే అడుగుతాంది, మా అమ్మ పాడుతున్న ఫోటో కావాలెనని. మీ దగ్గర వీడియోలు మస్తుగుంటయి గదా, జర సూడు."

నాకు దుఃఖం వచ్చింది. అయినా ఆ దుఃఖంలోనే కొంచెం గర్వపడ్డాను కూడా, అబద్ధం ఎందుకు. "గంటల పంపిస్త అన్నా" అన్నాను.

ఆ ధీమాకు కారణం ఉంది. మేం ముగ్గురం దోస్తులం. నేను, జనగామలో దర్జీ పని చేసే దోస్తు, భూపాలపల్లి బొగ్గు బాయిలో దిగే దోస్తు. ఆరేడేళ్ల కింద ఈ బృందం పాడుతున్న ఒక సభలో ముందు వరుస కుర్చీ కోసం కొట్లాడుకొని, పాట మొదలయ్యేసరికి ఒకే కుర్చీలో ముగ్గురం ఇరుక్కొని కూర్చున్నాం. అలా కలిశాం. ఆ తర్వాత మాలాంటి పిచ్చివాళ్లు ఇంకో ఇరవై ముప్పై మంది జమయ్యారు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నాం. బృందం ఎక్కడ పాడినా పని వదిలేసి పోయేవాళ్లం. ఇంట్లో తిట్లు మామూలే. పాటంతా ఫోన్లు ఎత్తిపట్టి తీసుకునేవాళ్లం.

చివరిసారి పోయింది రేగొండకు, ఎండాకాలంలో. జనగామ దోస్తు అందరికీ ఒకే రంగు చొక్కాలు కుట్టుకొని తెచ్చాడు. నా చొక్కాకు ఎడమచేయి పొట్టిగా వచ్చింది. అడిగితే "చొక్కా మంచిగనే ఉన్నది, నీ చెయ్యే పొడుగున్నది" అని దబాయించాడు. ఆ చొక్కాలతోనే వేదిక ముందు దుంకాం, ఈలలు వేశాం, గొంతులు పోగొట్టుకున్నాం. మా హీరో బృందం పెద్దాయన. గజ్జెలు కట్టుకొని వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతుంటే కళ్లు ఆయన మీద నుంచి పక్కకు పోయేవి కావు.

కోరసక్క ఆయనకు కుడివైపు, ఒక అడుగు వెనక నిలబడేది. నెల్లికుదురు దగ్గరి తండా ఆమెది. ఇంట్లో వాళ్ల భాష, వేదిక మీద మన తెలుగు. పెద్దాయన ఎత్తిన చరణాన్ని ఆమె అందుకునేది. ఆయన ఎగిరి దుంకి ఊపిరి తీసుకునే ఆ కాస్త సేపూ పాటను పట్టుకొని నిలబడింది ఆమే. ఈ మాట ఇవాళ రాస్తున్నాను. అప్పుడు మాకు ఆ సంగతే పట్టలేదు. కోరస్ పాడుతుంది గనుక ఆమె మాకు కోరసక్క, అంతే.

ఆ పొద్దున డప్పన్నతో మాట్లాడి ఫోన్ పెట్టేసి, కంప్యూటర్‌లో వీడియోలన్నీ తెరిచి కూర్చున్నాను. తొర్రూరులో పాడింది, జనగామలో పాడింది, రేగొండలో పాడింది. ఒకటి తర్వాత ఒకటి. అన్నింట్లో పెద్దాయనే నిండుగా ఉన్నాడు. ఆయన కుడివైపు అంచున ఒక మోచేయి ఉంది. ఒక దాంట్లో గాజులు ఉన్నాయి. ఒక దాంట్లో తాళాలు పట్టుకున్న చేయి, ఇంకో దాంట్లో కొంగు. ఒకే ఒక్క దాంట్లో సగం మొహం దొరికింది, ఆ సగానికి మైకు అడ్డం. గొంతైనా మిగిలిందేమోనని చెవి పెట్టి విన్నాను. ఆమె అందుకునే చోటల్లా మా ఈలలే ఉన్నాయి.

జనగామ దోస్తుకు ఫోన్ చేశాను. కాసేపటికి వాడే తిరిగి చేశాడు. "నా ఫోన్ల గూడ గంతేరా. ఒక్క దాంట్ల గూడ లేదు. మనం మనుషులమేనా?" అన్నాడు. భూపాలపల్లి దోస్తు డ్యూటీ దిగగానే గ్రూపులో అందరినీ అడిగాడు. ఒకరి తర్వాత ఒకరు దండం పెట్టే బొమ్మలు పంపారు. ఫోటో ఎవరూ పంపలేదు.

మరునాడు డప్పన్నకు నిజం చెప్పాను. ఆయన ఆమె ఆధార్ కార్డు పంపాడు. ఫ్లెక్సీ మీద పేరు టైపు చేయడానికి కార్డు మీద చూశాను. ఆమె పేరు నాకు తెలిసింది అప్పుడే. ఇన్నేళ్లు ఆమె పాటకు చప్పట్లు కొట్టాను గానీ, అక్కా నీ పేరేందని ఒక్కసారి అడగలేదు. ఆ అక్షరాలు కొడుతుంటే ఏడుపు ఆగలేదు. మొహం కొంచెం వెలుగు చేశాను, వెనక పూలు పెట్టాను. ఎంత చేసినా అది కెమెరా ముందు భయంగా బిగుసుకున్న మొహమే.

దినాల రోజు ముగ్గురం కలిసే తండాకు పోయాం. గ్రూపు వాళ్లు కూడా చాలామంది వచ్చారు. మా వైపు దినాలకు పాట పెట్టించడం ఇప్పుడు మామూలైంది. పోయిన మనిషి మీద పాట కట్టి పాడతారు. ఈ బృందం ఎందరి ఇళ్లలో పాడిందో లెక్కలేదు. ఆ మధ్యాహ్నం షామియానా కింద తమ మనిషి కోసం పాడాల్సి వచ్చింది.

పెద్దాయన గజ్జెలు కట్టలేదు. కొత్తగా కట్టింది కాదు, ఆమె ఎప్పుడూ అందుకునే పాత పాటే నిలబడి ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయిపోగానే అలవాటు కొద్దీ కుడివైపు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. డప్పు మోగుతూనే ఉంది. ఆ చరణం మాకందరికీ నోటికి వచ్చేసింది, అందుకోవచ్చు. భూపాలపల్లి దోస్తు ఒక్కడు లేచి సగం దాకా పాడి ఏడుస్తూ కూలబడ్డాడు. పెద్దాయన మైకు కింద పెట్టేశాడు.

భోజనాలప్పుడు ఆమె బిడ్డ మా దగ్గరికి వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. హాస్టల్లో ఉంటుందట. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఫ్లెక్సీ ఏసింది మీరేనా అన్నా?" అంది.

"అవును చెల్లె."

"మా యాడి గిట్లుండదన్నా." వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. "పాడంగ ఎట్లుంటదో నేను ఎన్నడు సూడలే. నన్ను గూడ తోల్కపో అంటె, ముందు నువ్వు సదువుకో, పాట ఏడికి పోదు అనేది."

ఆ పిల్ల ముందు తప్పించుకోబుద్ధి కాలేదు. "మేం మీ అమ్మను తీయలేదు చెల్లె. ఎంతసేపు పెద్దాయననే తీసినం. మాదే తప్పు" అని చెప్పి, ఉన్నవేవో చూడమని ఫోన్ చేతికిచ్చాను. కోపానికి వస్తుందనుకున్నాను. రాలేదు. మోచేయి ఉన్న వీడియో మొత్తం చూసింది. గాజులు ఉన్నది రెండుసార్లు చూసింది. తర్వాత వేలితో జరుపుతూ రేగొండ ఫోటో దగ్గర ఆగింది. పాటలు అయ్యాక వేదిక ముందు తీసుకున్న ఫోటో అది. బృందం అంతా, ఒకే రంగు చొక్కాల్లో మేమంతా. అందరం పగలబడి నవ్వుతున్నాం. జనగామ దోస్తు కడుపు పట్టుకొని వంగిపోయాడు. పెద్దాయన కళ్లు మూతపడేలా నవ్వుతున్నాడు.

"అందరున్నరు. గీ ఫోటోల మా యాడి ఏది?" అంది.

నేనూ వంగి వెతికాను. అప్పుడు తట్టింది. అందరం వరుసలో నిలబడ్డాక, "అక్కా, జర ఒక ఫోటో తియ్యవా" అని ఫోన్ ఆమె చేతికిచ్చింది నేనే.

"గిది తీసిందే మీ అమ్మ చెల్లె" అన్నాను.

ఆ పిల్ల మొహంలో ఆ రోజు మొదటిసారి కొంచెం వెలుగు వచ్చింది. ఫోటోను పెద్దది చేసి ఒక్కొక్కరి మొహమే చూసింది. పెద్దాయన, డప్పన్న, దోస్తులు, నేను. అందరి చూపులూ ఫోటో తీస్తున్న మనిషి మీదే ఉన్నాయి.

"గంతగనం నవ్వుతున్నరు" అంది. "ఏమన్నదన్నా మా యాడి?"

జనగామ దోస్తు వైపు చూశాను. ఎప్పుడూ నోరు మూయని వాడు నేల చూస్తున్నాడు. భూపాలపల్లి దోస్తు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఏదో అన్నది. మేం నవ్వాం. ఫోన్ తీసుకొని బస్సు కోసం ఉరికాం. అంతవరకే గుర్తుంది.

ఆ పిల్ల ఫోన్ పట్టుకొని నా మొహమే చూస్తూ నిలబడింది.

"యాదికి లేదు చెల్లె" అన్నాను.