అమ్మవారి పేరు చెప్పి అడిగిన అత్త

అత్త పోయిందన్న కబురు నాకు తిరుత్తణిలో, జాకెట్లకు లైనింగు గుడ్డ కొంటూ ఉండగా అందింది. ఫోను చేసింది అత్త కొడుకు. "అక్కా, అమ్మ పోయినాది. కాఫీ కావాలని అడిగినాది, కలిపి తెచ్చేలోపల పోయినాది" అన్నాడు. సరే, వస్తా ఉండా అన్నాను. అంగడాయన ఎన్ని మీటర్లమ్మా అంటే చెప్పాను. రంగు కలిసిందో లేదో అని గుడ్డను వెలుతురులోకి పట్టి చూశాను కూడా. చిల్లర లెక్క చూసుకుని, ఆర్.కె.పేట బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. తిమ్మిరెక్కిన చెయ్యిని గిల్లినా తెలియదు చూడండి, లోపలంతా అట్లా ఉంది.

అత్త అంటే రక్తసంబంధం ఏమీ కాదు, పక్కిల్లు. కాపురానికి వచ్చిన కొత్తలో ఏమని పిలవాలో తెలియక అత్తా అన్నాను, అదే నిలిచిపోయింది. మాది నేతగాళ్ళ వీధి. చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చాయి గానీ, వీధి మాత్రం అదే. అత్త కండెలు చుట్టేది. మగ్గాలున్నవాళ్ళు నూలు తెచ్చిస్తే కండెలకు చుట్టి ఇవ్వడం ఆమె పని. మొగుడు చిన్నవయసులోనే పోతే ఆ కూలితోనే ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఏ ఇంట్లో మగ్గం నిలిచిందో అందరికన్నా ముందు ఆమెకే తెలిసేది. ఆ ఇంటి నుంచి కండెల కోసం ఎవరూ రారు కదా. రెండు పూటలు చూసేది. మూడోపూట తనే ఏదో వంక పెట్టుకుని ఆ ఇంటికి పోయి, కూర్చుని, నీళ్ళు తాగి, ఏమీ అడక్కుండా వచ్చేది. అడగాల్సిన పని లేదు, వంటింట్లోకి ఒక చూపు చాలు ఆమెకు.

మా తమిళనాడు పక్క, ఆషాఢంలో మొదలయ్యే ఆడి మాసం వచ్చిందంటే ఆడవాళ్ళు మొక్కుకుని పసుపు చీర కట్టి, వేపమండ పట్టుకుని, ఇంటింటికీ పోయి అమ్మవారి పేరున కొంగు పడతారు. మడిపిచ్చ అంటారు దాన్ని. అందులో సిగ్గేమీ లేదు. మెడనిండా నగలున్న షావుకారు భార్య కూడా ఆ పూటకు బిచ్చమెత్తాల్సిందే. వచ్చిన బియ్యమూ చిల్లరా అమ్మవారి కూళు, అదే అంబలి, కాచడానికి పోతాయి. మా అత్త చేసిన గొప్ప మోసం ఏమిటంటే, ఆమె ఆడి మాసం కోసం కాచుకోలేదు.

నడి వానల్లోనో, మంచు పడే తెల్లవారుజామునో, పసుపు చీర కట్టుకుని గుమ్మం ముందు నిలబడేది. "అమ్మ కలలోకి ఒచ్చి కొంగు పట్టమన్నాది మే" అనేది. కలా లేదు, గిలా లేదు. వీధికంతా తెలుసు. ఎక్కడో ఒక ఇంట్లో పొయ్యి వెలగడం లేదని మాత్రం అర్థమయ్యేది, ఎవరింట్లో అని ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. ఎవరు ఎంత పోసినా అత్త చూసేది కాదు, మొహం తిప్పుకుని గుమ్మానికి కట్టిన ఎండు మామిడాకుల్ని పరీక్ష చేస్తున్నట్టు నిలబడేది. ఒకసారి చెన్నై నుంచి కొత్తగా వచ్చిన కోడలుపిల్ల "ఇప్పుడు ఆడి కాదే?" అని అమాయకంగా అడిగింది. పిల్ల అత్తగారు గుడ్లురిమింది. మా అత్త మాత్రం ఆ పిల్ల గడ్డం పట్టుకుని, "అమ్మకు పంచాంగం చూసేది రాదు పాపా" అన్నది. ఆ పిల్ల లోపలికి పోయి చేటనిండా తెచ్చి పోసింది.

కొంగు నిండాక నేరుగా ఆ ఇంటికి పోయేది. "అమ్మ ప్రసాదం, పట్టండి" అనేది. సాయమంటే పౌరుషం అడ్డమొస్తుంది, చెయ్యి రాదు. ప్రసాదాన్ని ఎట్లా వద్దంటారు? ఎవరైనా నసిగితే "ప్రసాదం కాదంటే కండ్లు పోతాయి, తర్వాత నన్ననొద్దు" అని బెదిరించేది.

మా ఇంటికీ వచ్చింది. కరోనా కాలంలో మా ఆయన పనిచేసే కంపెనీ మూసేశారు. పెళ్ళిళ్ళు లేక నా కుట్టుమిషను మీదా దుమ్ము పడింది. అత్త పసుపు చీరతో మా వాకిట్లోకి వచ్చినప్పుడు, నేను కూడా పోయాలి కాబోలని డబ్బాలో అడుగునున్న పిడికెడు తీసుకుని వచ్చాను. ఆమె కొంగు అప్పటికే నిండి ఉంది. నా పిడికిలి చూసి, "అది లోపల పెట్టు, చేట తీసుకొని రా" అన్నది. చేట పట్టడానికి చచ్చేంత సిగ్గేసింది. అప్పుడన్నది, "అడుక్కునే సిగ్గు నాదే. దాన్ని వీధిలోనే పారేసి ఒచ్చినాను. నువ్వు చేట పట్టు." ఆ రాత్రి వండిన అన్నంలో రేషను బియ్యం, ఇడ్లీ బియ్యం, సన్నబియ్యం అన్నీ కలిసి, కొన్ని మెతుకులు చిదికిపోయి, కొన్ని పలుకుగా ఉండిపోయాయి. పిల్లలు మొహం పెట్టారు. "వీధంతా దీంట్లో ఉండాది, నోరు మూసుకొని తినండి" అన్నాను.

పోయిన సంవత్సరం అత్త చిక్కిపోవడం మొదలైంది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. అడిగితే గ్యాసు అనేది. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో కడుపులో గడ్డ ఉందన్నారు, ఆపరేషను చెయ్యాలన్నారు. ఆపరేషనుకు డబ్బు అక్కర్లేదు. కానీ ఆమెతో ఎవరైనా ఉండాలి, మందులకూ రాకపోకలకూ కావాలి. కొడుకు అప్పుడే ఫైనాన్సులో ఆటో తీసుకున్నాడు. "వాడు బండి నిలిపి నా పక్కన కూర్చుంటే ఫైనాన్సోడు ఒచ్చి బండి ఎత్తుకొని పోతాడు. వాడి బతుకు చెరిపి నేను బతికి ఏం చేసేది?" అని మొండికేసింది. ఆసుపత్రి చీటీని సామాన్ల అల్మారాలో చింతపండు డబ్బా కింద పెట్టేసింది. వీధిలో నలుగురం చందా ఎత్తుతామంటే, "మీ పిల్లోళ్ళ ఫీజులు కట్టుకోండి పోండి" అని తిట్టింది. నెల గడిచింది. గడ్డ ఆగుతుందా, అది దాని పని అది చేసుకుంటూ పోయింది.

ఒక ఉదయం నేను పసుపు చీర కట్టుకున్నాను. అది ఆడి మాసం కాదని నాకూ తెలుసు. మొదటి గుమ్మం ముందు వేపమండను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాను. అత్త ఇన్నేళ్ళు ఎట్లా అడిగిందో అప్పుడు తెలిసింది. "అమ్మ కలలోకి ఒచ్చినాది" అన్నాను. ఆ ఇంటామె నన్ను ఎగాదిగా చూసి, లోపలికి పోయి బియ్యంతోపాటు నోట్లు మడిచి తెచ్చి వేసింది. ఎవరికి అని అడగలేదు. వీధి చివర్లో, చెయ్యి విరిగి మగ్గం దిగిన నేతగాడి ఇల్లు ఉంది. అంతకుముందు వానల్లో అత్త కొంగు వాళ్ళింటికే పోయిందని తర్వాత తెలిసింది. అక్కడ అడక్కుండా దాటిపోదామనుకున్నాను. అతని పెళ్ళాం పరుగున వచ్చి నన్ను నిలిపింది. ఇవ్వడానికి ఏమీ లేదు కాబోలు, బిందెడు నీళ్ళలో పసుపు కలిపి తెచ్చి, అమ్మవారికి పోసినట్టు నా కాళ్ళ మీద పోసి దణ్ణం పెట్టింది.

తడి కాళ్ళతోనే అత్త ఇంట్లోకి పోయాను. మంచం మీద లేచి కూర్చుని నా చీర చూసింది.

"ఏమే ఈ వేషం?"

"అమ్మ కలలోకి ఒచ్చినాది అత్తా."

"నీకా? పిడుగు పడినా లేవవు, నీకు కల యాడ్నించి ఒచ్చె?" అని నవ్వింది. తర్వాత కొంగు ఎందుకు నిండిందో అర్థమై నవ్వు ఆపేసింది. "నాకొద్దు" అన్నది.

"ప్రసాదం కాదంటే ఏమవుతాదో నువ్వే చెప్పినావు."

గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు చూసింది. చివరికి కొంగు ముందుకు లాగి పట్టింది. ఎన్నిసార్లు పట్టిన కొంగో అది. నేను పోస్తుంటే ఆమె మెల్లగా అన్నది, "తీసుకునేది ఇంత కష్టమని నాకు ఎవురూ చెప్పలేదే మే. ఇన్నేండ్లు అందరినీ బెదిరించి పెట్టినాను."

ఆపరేషను జరిగింది. ఆటో ఫైనాన్సువాళ్ళ పాలు కాకుండా కొడుకు దగ్గరే ఉండిపోయింది. కానీ గడ్డ అప్పటికే వేరే చోట్లకు పాకిందని, కొంచెం ముందు వచ్చి ఉండాల్సిందని డాక్టరమ్మ చెప్పింది. కొన్ని నెలలు ఇంట్లో ఉంది, ఓపికున్న రోజు కండెలూ చుట్టింది. నాకు అత్త మీద కోపం. ఊరందరి వంటింటి డబ్బాలు తెలిసిన మనిషి తన కడుపు సంగతి మాత్రం చింతపండు డబ్బా కింద దాచింది. ఆ కోపం ఇంకా తీరలేదు, తీర్చుకోవడానికి మనిషి లేదు.

మా పక్క శవాన్ని ఎత్తే ముందు నోటి దగ్గర చిటికెడు బియ్యం వేస్తారు. వాయికరిసి అంటారు. అది అయినవాళ్ళు మాత్రమే వేసేది. అత్తకు అయినవాళ్ళు కొడుకూ, పళ్ళిపట్టు నుంచి వచ్చిన చెల్లెలూ. ఇద్దరూ వేశారు. అంతటితో అయిపోవాల్సింది. ఆ నేతగాడి పెళ్ళాం ముందుకు వచ్చి, "నేనూ ఎయ్యాల" అన్నది. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెల్లెలే కళ్ళు తుడుచుకుని, "ఎయ్యనీండి. మా అక్కకి మేమే అయినోళ్ళమని ఎవురు చెప్పినారు?" అన్నది.

ఆమె వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక ఇంకొకరు. ఇళ్ళకు పోయి ఎవరి బియ్యం వాళ్ళు తెచ్చుకున్నారు. చిటికెడు వేయాల్సినవాళ్ళు పిడికెడు వేశారు. చెన్నై కోడలుపిల్ల చంటిబిడ్డ చేత కూడా వేయించింది. బియ్యం అత్త గడ్డం దాటి, గుండెల మీదికి జారి, రెండు పక్కలా చాప మీద పోగుపడింది. నా వంతు నేనూ వేశాను. అప్పుడూ ఏడుపు రాలేదు.

ఆ బియ్యం శ్మశానంలో పనిచేసే ఆయనకు చెందుతుంది, ఆనవాయితీ. పాడె ఎత్తేముందు ఆయన పక్కన తువ్వాలు పరిచి తియ్యడం మొదలుపెట్టాడు. తువ్వాలు చాల్లేదు. చుట్టూ చూసి, నాతో మొహమాటంగా అన్నాడు, "ఇంత వాయికరిసి నేను ఎవురికీ చూడలేదమ్మా. పని లేక ఇంట్లో శానా కష్టంగా ఉండాది. పిల్లోళ్ళకి నెల దినాలు ఒస్తాది." నేను లోపలికి పోయి అత్త దుప్పటి ఒకటి తెచ్చి పరిచాను. గింజ జారకుండా రెండు కొసలు పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆయన దోసిళ్ళతో పోస్తూనే ఉన్నాడు.